సముద్రానికి ఎడంగా సోయెర్

స్పెయిన్‌కు చెందిన మయోర్కా ద్వీపానికి వాయవ్యాన, ట్రమున్తానా కొండల నడుమ గిన్నెలాంటి లోయ ఒకటుంది. కొండలు చుట్టుముట్టిన ఆ లోయకు సముద్రం వైపు ఒక్కటే వాకిలి. అక్కడ ఓడలు నిశ్చింతగా ఆగగలిగే గుండ్రటి రేవు ఉంది. ఊరు మాత్రం రేవు దగ్గర లేదు. మూడు కిలోమీటర్లు లోపలికి జరిగి, నారింజ తోటల మధ్య ఉంది. ఆ ఊరి పేరు సోయెర్.

అంత మంచి రేవును వదిలి లోపలికి ఎందుకు వెళ్లారంటే, సముద్రపు దొంగల భయం. తరతరాలుగా పొంచి ఉన్న ఆ ముప్పు 1561 మే 11న నిజంగానే ఒడ్డెక్కింది. ఆల్జీర్స్ వైపు నుంచి వచ్చిన దాదాపు 1,700 మంది దిగారు. కెప్టెన్ జువాన్ అంజెలాట్స్ వెంట ఊరి మగవాళ్లు రేవు దారిన ఎదురెళ్లారు. వాళ్లు అక్కడ పోరాడుతుండగానే మరో దండు ఊళ్లోకి చొరబడి ఇళ్లు దోచుకుంది. చివరకు సోయెర్‌దే పైచేయి అయింది. కాన్ తమానీ అనే ఇంట్లో ఫ్రాన్సెస్కా, కతలీనా అనే అక్కచెల్లెళ్లు తలుపుకు అడ్డంగా వేసే గడియమానుతోనే దొంగల్ని మట్టుపెట్టారని ఊరంతా చెప్పుకుంటుంది. ఏటా మే నెలలో జరిగే ‘ఎస్ ఫిరో’ ఉత్సవంలో ఇద్దరు యువతుల్ని ఆ ధీరవనితలుగా ఎంచుకుని గౌరవిస్తారు. మోరోలు (అంటే ముస్లింలు), క్రైస్తవులు అని రెండు పక్షాలుగా చీలి, తుపాకుల మోతల మధ్య ఆనాటి పోరును మళ్లీ ఆడతారు.

ఆ ఉత్సవం చూసి తీరాల్సిందే. కానీ దానితోనే ఊరి చరిత్ర తెలిసిపోయిందనుకుంటే లోయకు అన్యాయం చేసినట్టే. 1229లో రాజు జైమె దండెత్తి వచ్చేదాకా మూడు వందల ఏళ్లకు పైగా ఈ ద్వీపం ముస్లింల ఏలుబడిలో ఉంది. కొండ ఊటల్ని కాలువల్లోకి మళ్లించి వంతులవారీగా పొలాలకు పంచుకునే పద్ధతి ఆ కాలం నాటి సేద్యగాళ్ల నుంచి అందిందే. సోయెర్ నారింజల తీపిలో వాళ్ల కష్టమూ ఉంది. పండగలో ‘మోరో’ శత్రువు. తోటలో మాత్రం అతను పెద్దదిక్కు. నాకు ఈ రెండోదే పెద్ద చరిత్ర.

ఒకప్పుడు పాల్మా నగరానికి వెళ్లాలంటే 496 మీటర్ల ఎత్తున్న కనుమ ఎక్కి దిగాల్సి వచ్చేది. అందుకే సొంత ద్వీపపు రాజధాని కన్నా ఫ్రాన్స్ రేవులే సోయెర్‌కు దగ్గరయ్యాయి. నారింజలు ఓడలెక్కి సెత్, మార్సెయ్ చేరేవి. 1860ల్లో చెట్లకు తెగులు సోకింది. బతుకుతెరువు వెతుక్కుంటూ ఎందరో ఫ్రాన్స్ వెళ్లి పళ్ల వ్యాపారం పెట్టుకున్నారు. కొందరు డబ్బు సంపాదించి తిరిగొచ్చారు. 1911 నాటి కాన్ ప్రునెరా భవంతి ఆ సిరికి సాక్ష్యం, ఇప్పుడది మ్యూజియం. ఊరి కూడలిలో చర్చి ముఖభాగాన్నీ, పక్కనే ఉన్న బ్యాంకు భవనాన్నీ తీర్చిదిద్దింది వాస్తుశిల్పి గౌదీ శిష్యుడు జువాన్ రుబియో.

కొండకు దారి తొలిచిందీ ఊరివాళ్ల పట్టుదలే. 1912 ఏప్రిల్ 16న పాల్మా–సోయెర్ రైలు మొదలైంది. పొడవు 27 కిలోమీటర్లు, 13 సొరంగాలు. పెద్ద సొరంగం ఒక్కటే దాదాపు 2.9 కిలోమీటర్లు. ప్రభుత్వ సాయం అందాలంటే లైను 30 కిలోమీటర్లకు తగ్గకూడదన్న నిబంధన అడ్డొచ్చింది. తక్కువైన దూరాన్ని రేవుదాకా ట్రామ్ వేసి భర్తీ చేశారు. 1913 అక్టోబరు 4న మొదలైన ఆ ట్రామ్ మనుషులతోపాటు చేపల్నీ నారింజల్నీ మోసింది. రైలుకు 1929లో విద్యుత్తు వచ్చింది. చెక్క పెట్టెలు ఇప్పటికీ నడుస్తున్నాయి.

యాత్రికుల్లో ఎక్కువమంది ఆ రైలు దిగి ట్రామెక్కి నేరుగా రేవుకు పోతారు. వీలైతే ఎదురు దిక్కున బినియరాయిష్ పల్లె మీదుగా కొండవాగు వెంట రాతి మెట్లెక్కండి. రెండు పక్కలా సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, వాటి మీద మెట్లు మెట్లుగా ఆలివ్ తోటలు. ఈ కొండల్ని యునెస్కో 2011లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఆ రాతిగోడల పనితనాన్ని 2018లో స్పెయిన్‌తో పాటు మరికొన్ని దేశాల వారసత్వంగా నమోదు చేసింది. గుర్తింపు వచ్చినంత మాత్రాన గోడ నిలవదు. సేద్యం మానేసిన చోట వానలకు రాళ్లు జారిపోతాయి. పేర్చడం తెలిసిన చేతులు కావాలి. ‘మార్జెర్’ అని పిలిచే ఆ పనివాళ్లు మయోర్కాలో ఇంకా ఉన్నారు, కొత్తవాళ్లకు నేర్పిస్తున్నారు కూడా.