పాత ట్రక్కు తొక్కగానే తడబడుతోందా?

మా 2003 నాటి పికప్ ట్రక్కు ఫ్రీవే ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్క క్షణం ఊపిరి బిగబట్టేది. వెనక పద్దెనిమిది చక్రాల బండి, లోపల పిల్లలు! మెకానిక్ ఏమీ కొలవకుండానే ఫ్యూయల్ పంపు మార్చాలన్నాడు. బీఎస్సీ ఫిజిక్స్ చదివినదాన్ని, నాకది మింగుడుపడలేదు.

అమెరికాలో 1996 నుంచి వచ్చిన కార్లకీ, పికప్‌లకీ స్టీరింగ్ కింద ఓబీడీ-2 సాకెట్ ఉంటుంది. చెక్ ఇంజిన్ లైటు వెలగకపోయినా సరే, స్కానర్ పెట్టి ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. ఇంజిన్ కంప్యూటర్ మామూలు లెక్క మీద ఎంత శాతం గ్యాస్ ఎక్కువో తక్కువో పోస్తోందో అది చెబుతుంది. పది లోపైతే దాదాపు ఫరవాలేదు. బండి నిలిపి ఉన్నప్పుడు ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర తగ్గితే ఏదో రబ్బరు గొట్టం చిట్లి గాలి దూరుతోందన్నమాట. తొక్కేకొద్దీ పెరిగితే అనుమానం ఫ్యూయల్ ఫిల్టర్, పంపు, లేదా గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ మీద. అంకె బాగుండీ కుదుపులొస్తే స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్ చూడాలి.

మాది తొక్కేకొద్దీ పెరిగే రకం. ముందు చవకైన పని చేశాం. సెన్సర్‌ని దానికోసమే అమ్మే స్ప్రేతో కడిగి (బ్రేక్ క్లీనర్ వద్దు, లోపలి తీగని వేలితో ముట్టొద్దు), బాగా ఆరాక బిగించాం. రెండు రోజులు తిప్పాక 18 ఉన్న అంకె 4కి దిగింది. దిగకపోతే, పంపు మార్చేముందు ఫ్యూయల్ ప్రెషర్ కొలిచి చూపించమని మెకానిక్‌ని అడిగేదాన్ని. పాత పంపే ఇంకా నడుస్తోంది.