నెమలిగ్రుడ్డు - దీపపు వెలుగు

మగనెమలి కన్నీటిని త్రాగి పెట్ట గర్భము ధరించునను మాట మనలో నేటికిని వినిపించును. ఇది వట్టి కల్పన. కోళ్లు, పావురములు జతకూడినట్లే నెమళ్లును జతకూడును. మగది లేకున్నను పెట్ట గ్రుడ్డు పెట్టగలదు. కాని అందుండి పిల్ల రాదు. పైకి రెండు గ్రుడ్లును ఒక్కటే. ఏది జీవము గలదో, ఏది వట్టిదో పగులగొట్టకుండ తెలిసికొనుట ఎట్లు?

క్రీ. పూ. 4వ శతాబ్దమున గ్రీకు పండితుడు అరిస్టాటిల్ నెమళ్ల పెంపకమును గూర్చి వ్రాసెను. పెట్ట ఏటికొకసారి 12 గ్రుడ్లు, లేదా కొంచెము తక్కువ పెట్టుననియు, పొదుగుచున్న పెట్టపైకి మగది వచ్చి గ్రుడ్లను త్రొక్కివేయును గనుక వాటిని కోడిక్రింద ఉంచుదురనియు చెప్పెను. కోడికి రెండు గ్రుడ్లకు మించి ఇయ్యరాదట! పిల్ల కాని గ్రుడ్లను ఆ కాలపువారు గాలి గ్రుడ్లనిరి. పొదిగిన కోడిగ్రుడ్డులో మూడు దినములు గడచిన పిమ్మట రక్తబిందువువలె గుండె కొట్టుకొనుటను ఆయన వర్ణించెను. అయితే చూచుటకు గ్రుడ్డును పగులగొట్టక తప్పలేదు.

పిల్ల ఎచ్చటనుండి పుట్టునను విషయమున పండితులు సైతము చాలకాలము పొరపడిరి. పాడువా ఆచార్యుడు ఫాబ్రిషియస్, పచ్చసొనకు ఇరువైపుల నుండు మెలితిరిగిన తెల్లని త్రాళ్లే పిల్లకు మూలమనుకొనెను. పచ్చసొనపైని చిన్న తెల్లమచ్చయే అసలు స్థానమని ఆయన శిష్యుడు విలియం హార్వే 1651లో ప్రకటించెను. గురువును కాదనుటకు ధైర్యము కావలెను.

గ్రుడ్డు చెడకుండ లోపల చూచుటకు ఉపాయము దీపమే. చీకటిగదిలో గ్రుడ్డు వెనుక వెలుగునుంచి చూతురు. మొదట కొవ్వొత్తిని వాడిరి గనుక ఇంగ్లీషులో దీనికి క్యాండ్లింగ్ అని పేరు. నెమలిగ్రుడ్డు పెంకు దళసరి. వెలుగు బలముగా నుండవలెను. సుమారు 28 దినముల పొదుగుకాలములో మొదటి వారము గడచిన తరువాత, జీవమున్నచో సాలెగూడువలె ఎర్రని నరములు వ్యాపించి కనబడును. వట్టిదైనచో అంతయు స్వచ్ఛముగా నుండును. రక్తపు వలయము మాత్రము కనబడినచో పిండము మరణించినదన్నమాట.

ఈ శ్రమ నెమలి విషయమున వృథా కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి శిలాశాసనములలో మొదటిది, అశోకుని వంటశాలకై దినమునకు రెండు నెమళ్లు, ఒక జింక చంపబడుచున్నవనియు, ఇకమీదట అవియు చంపబడవనియు తెలుపుచున్నది. 1963లో నెమలి మన జాతీయపక్షి అయినది. హైదరాబాదు పాతనగరమున, మీరాలం చెరువు ప్రక్కన నెహ్రూ జంతుప్రదర్శనశాల తెరచినదియు ఆ సంవత్సరముననే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నెమలిగ్రుడ్లను పాడుచేయుటయు వేటయే. చార్మినారు చెంత ముర్గీచౌకులో కోడిని బేరమాడినట్లు నెమలిని బేరమాడరాదు. గ్రుడ్లు పెట్టించి పిల్లలను లేపు పని ఇక అనుమతిగల జంతుప్రదర్శనశాలలవంటి చోట్లనే. పెట్ట సాధారణముగా 4 మొదలు 8 గ్రుడ్లు పెట్టును. అందొక్కటి పోయినను లోటే.

దీపమునకును ఒక హద్దు కలదు. మొదటి రెండుమూడు దినములలోనే పిండము చనిపోయినచో ఆ గ్రుడ్డు కూడ స్వచ్ఛముగానే కనబడును. అప్పుడు నింద అన్యాయముగా మగదానిపై పడును! అందుచే నేటి పరిశోధకులు పొదుగని గ్రుడ్డును విప్పి, పచ్చసొన చుట్టునున్న పొరను సూక్ష్మదర్శినితో పరీక్షింతురు. ఆ పొరలో శుక్రకణములును, అవి చేసిన రంధ్రములును కనబడినచో మగదాని దోషము లేదు. పొదుగుయంత్రపు వేడిమిని, తేమను, గ్రుడ్డును త్రిప్పు తీరును సరిచూడవలెను. కనబడనిచో జతను మార్చి చూడవలెను.