‘ప్రైవేటు’ కథ: ఇంటి మాష్టారి రెండు వందల ఏళ్ల లెక్క

మనం చదువుకున్న రోజుల్లో ట్యూషన్ అనే మాట అంతగా వినపడేది కాదు. ‘ప్రైవేటు’ అనేవాళ్లం. ‘వాడు ప్రైవేటుకి వెళ్తున్నాడు’ అంటే ఏ సబ్జెక్టుకని ఎవరూ అడిగేవారు కాదు, అది లెక్కలకే. ఇంగ్లీషు ప్రైవేట్లూ ఉండేవి గాని, మధ్యతరగతి తండ్రి ముందుగా జేబులో చెయ్యి పెట్టేది మాత్రం లెక్కల మాష్టారి కోసమే. ఈమధ్య మా మేనకోడలు ఫోన్ చేసి, “మామయ్యా, బాబు ఎనిమిదో క్లాసుకొచ్చాడు, మంచి లెక్కల ట్యూటర్ ఎవరైనా ఉంటే చూడు” అంది. చూస్తానన్నాను. ఏ పని మొదలుపెట్టినా పాత రికార్డులు తిరగెయ్యడం మా ఇంజనీర్ల అలవాటు. అలా తిరగేసినప్పుడు తెలిసిన సంగతులు మన సంచిక పాఠకులతో పంచుకోవాలనిపించింది.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో జిల్లా కలెక్టర్లకు ఒక ఉత్తర్వు పంపాడు. సీమవాసులు మండ్రోలయ్య అని పిలుచుకున్నది ఈయననే. మీ జిల్లాలో బడులెన్ని, చదివే పిల్లలెందరు రాసి పంపమన్నది ఆ ఉత్తర్వు సారాంశం. అన్నీ వచ్చాక 1826 మార్చిలో ఆయన రాసిన నివేదికలో ప్రెసిడెన్సీ మొత్తానికి 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు ఉన్నట్టు తేలింది. అప్పటి జనాభా సుమారు కోటీ 28 లక్షలు. మద్రాసు నగరం నుంచి మాత్రం ఒక విచిత్రమైన అంకె వచ్చింది. బంధువుల దగ్గరో సొంత పంతుళ్ల దగ్గరో ఇళ్లలోనే చదువుకునే పిల్లలు 26,963 మందట. నగరంలో బడికి వెళ్లేవారికి ఇది దాదాపు ఐదు రెట్లు. మన్రోకే నమ్మకం కుదరక ఎక్కడో పొరపాటు ఉండొచ్చన్నాడు. అయినా ఇళ్లలో సాగే చదువు తక్కువేమీ కాదని ఒప్పుకున్నాడు. అంటే ప్రైవేటు మన తరం కనిపెట్టింది కాదు. బడి ఉన్న రోజుల్లోనే, బడికి పక్కనే అదీ ఉంది.

ఆ రోజుల్లో ఒక్కో పిల్లవాడు నెలకు ఇచ్చేది నాలుగు అణాల నుంచి ఎనిమిది అణాలు. పంతులుగారి మొత్తం సంపాదన నెలకు ఆరేడు రూపాయలు దాటేది కాదని, అంత తక్కువకు సమర్థులైనవాళ్లు ఈ వృత్తిలోకి రారని మన్రో రాశాడు. దసరాకి పిల్లలు పద్యాలు పాడుకుంటూ ఇంటింటికీ తిరిగి అయ్యవారికి కానుకలు తెచ్చిపెట్టే ఆచారం వెనుక ఈ లోటు కూడా ఉంది.

చెప్పిన లెక్కలేమిటి? ఇసుకలో వేలితో అంకెలు దిద్దడం, ఎక్కాలు, ఎంచువడి, అర, పాతిక, వీసం, పరక. పిల్లవాడు నేర్చుకున్నాడా లేదా అన్నది దుకాణంలో చిట్టా రాసేటప్పుడో, పొలం కొలిచేటప్పుడో తేలేది. ముందున్న పిల్లలు వెనకున్నవాళ్లకు చెప్పే పద్ధతిని బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో ఎంతో మెచ్చుకున్నాడు. ఎదుటివాడికి చెబితే తన చదువూ గట్టిపడుతుందని ఆయన గమనించాడు. అదే పద్ధతిని ఆండ్రూ బెల్ మద్రాసులో చూసి, ‘మద్రాసు పద్ధతి’ పేరుతో ఇంగ్లండుకు తీసుకెళ్లాడు.

లెక్కల ప్రైవేటు ఇప్పటి రూపం తీసుకున్నది పరీక్షలు, ర్యాంకులు వచ్చాక. అది చూడాలంటే కాసేపు కేంబ్రిడ్జికి వెళ్లాలి. 19వ శతాబ్దంలో అక్కడ గణిత పరీక్ష పేరు ట్రైపాస్. అందులో మొదటి ర్యాంకు వచ్చినవాడు సీనియర్ రాంగ్లర్. 1899లో మన దేశం నుంచి రఘునాథ్ పరాంజపే ఆ స్థానం అందుకున్నాక రాంగ్లర్ అనే మాట మన ఇళ్లలోనూ వినిపించింది. విశ్వవిద్యాలయంలో పాఠాలు ఉండనే ఉన్నాయి, కాని ర్యాంకు కావాలనుకున్నవాడు సొంత డబ్బుతో ప్రైవేటు కోచ్ దగ్గర చేరేవాడు. విలియం హాప్‌కిన్స్ అలాంటి కోచ్. కెల్విన్, స్టోక్స్, మాక్స్‌వెల్ ఆయన శిష్యులే. తరువాతి తరంలో ఎడ్వర్డ్ రౌత్ పాతికమందికి పైగా సీనియర్ రాంగ్లర్లను తయారుచేశాడు. పిల్లల్ని చిన్న జట్లుగా విడగొట్టి, వారం వారం లెక్కల పేపరు ఇచ్చి, మార్కులు అందరికీ కనపడేలా పెట్టేవాడు. మన వీక్లీ టెస్టుకి తాతగారు అక్కడున్నారన్నమాట. ఈ పద్ధతి పిల్లల్ని గణితానికి కాక పరీక్షకు తయారుచేస్తోందని హార్డీ లాంటివాళ్లు పోరాడారు. 1909 తరువాత కేంబ్రిడ్జి ర్యాంకుల వరుస ప్రకటించడం మానేసింది.

ఆ కోచింగు వాసన మన దక్షిణాదికీ ఒక పుస్తకం రూపంలో వచ్చింది. లండన్‌లో జార్జ్ కార్ అనే ప్రైవేటు ట్యూటర్ తన విద్యార్థుల కోసం వేల సూత్రాలు వరుసగా పేర్చి ఒక సంగ్రహం అచ్చువేశాడు. వివరణలు చాలా తక్కువ. 1903లో అది కుంభకోణంలో ఒక కుర్రవాడి చేతిలో పడింది. ఆ కుర్రవాడు శ్రీనివాస రామానుజన్. ఏ సూత్రం ఎందుకు నిజమో తనకు తానే తేల్చుకుంటూ కూర్చున్నాడు. మిగతా సబ్జెక్టుల్లో ఎఫ్.ఏ. పరీక్ష తప్పి, మద్రాసులో బతుకుతెరువుకు ఆయనా ప్రైవేట్లు చెప్పాడు. బి.ఏ. పరీక్షకు చదువుతున్న ఒక విద్యార్థి ఆయన దగ్గర చేరి రెండు వారాలకే మానేశాడు. ఆ విద్యార్థికి కావలసింది సిలబస్, ఈయన మనసు ఎక్కడో అనంతాల్లో తిరుగుతోంది. ఇందులో ఇద్దరి తప్పూ లేదు. గొప్ప గణితవేత్త వేరు, మన పిల్లవాడికి ఇవాళ కావలసిన మాష్టారు వేరు.

మన ప్రాంతంలోనూ ఇదే వరుస. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది, దానితో మెట్రిక్యులేషన్ వచ్చింది. ఆ పరీక్ష గట్టెక్కితే గుమాస్తా ఉద్యోగమైనా దొరుకుతుందన్న ఆశతో ప్రైవేటు మాష్టార్ల అరుగులు నిండాయి. తరువాత పదో తరగతి పబ్లిక్ పరీక్ష, దాని వెనుక ఎంసెట్, ఐఐటి. హైదరాబాదు నల్లకుంటలో చుక్కా రామయ్యగారు ఐఐటికి శిక్షణ మొదలుపెట్టాక ఆయన పేరు ‘ఐఐటి రామయ్య’గా స్థిరపడింది. ఒక మాష్టారి పేరు ముందు పరీక్ష పేరు చేరడం చూస్తే కాలం ఎటు తిరిగిందో తెలుస్తుంది. ఒకప్పుడు పదో తరగతికి ముందు మూడు నెలలు సాగిన ప్రైవేటు ఇప్పుడు ఆరో తరగతిలోనే ‘ఫౌండేషన్’ పేరుతో మొదలవుతోంది.

ఈ చరిత్రలో అంకెలకు అందని భాగం ఒకటుంది. మన్రో లెక్కలోని 1,88,650 మందిలో బాలికలు ఐదు వేల లోపే. 150 ఏళ్లు గడిచాక మా ఇంట్లో సంగతి చెబుతాను. మా అక్క లెక్కల్లో నాకంటే చురుకు. నోటితోనే వడ్డీ లెక్కలు చేసేది. ఇంట్లో ప్రైవేటు ఫీజు ఒకరికే కుదురుతుందన్నారు. పైగా ప్రైవేటు రాత్రి ఎనిమిదింటికి విడిచేవారు. ఆ ఒక్కరు నేనయ్యాను. నేను ఇంజనీరునయ్యాను, అక్క ఇంటర్‌తో ఆపేసింది. ఇప్పుడు కొడుక్కి ట్యూటర్ కావాలని ఫోన్ చేసింది ఆమె కూతురే. మన తోటి విద్యార్థినుల్లో ఎంతమంది కథ ఇదేనో ఈ సంచిక చదివే వారికే తెలియాలి.

ప్రైవేటు ఒకడికి నిచ్చెన, పక్కవాడికి గోడ. ఇది చట్టానికీ తెలుసు. 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ఏ ఉపాధ్యాయుడూ ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదంది. 2024 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు 16 ఏళ్లలోపు పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దన్నాయి. అయినా గ్రామీణ భారతంలో ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లల్లో డబ్బు కట్టి ట్యూషన్‌కి వెళ్లేవారు 2018లో 26.4 శాతం ఉంటే, 2022 నాటికి 30.5 శాతమయ్యారని ‘అసర్’ నివేదిక చెప్పింది. కాబట్టి పెట్టించాలా వద్దా అన్న చర్చ పక్కన పెట్టి, దేనికోసం అన్నది అడగాలి.

ముప్పై ఏళ్లుగా వంతెనల పని చూస్తున్నవాణ్ణి. శ్లాబు మీద బీట కనపడితే పైన సిమెంటు పూయము, బరువు ఎక్కడ పడుతోందో చూస్తాం. తొమ్మిదో తరగతి ఆల్జీబ్రాలో కనపడే బీట చాలాసార్లు ఆరో తరగతి భిన్నాల్లో మొదలై ఉంటుంది. మా మేనకోడలితో ఇదే చెప్పాను. ట్యూటర్‌ని వెతికే ముందు బాబుని ఒక ప్రశ్న అడుగమ్మా: 3/4, 5/7 రెండింటిలో ఏది పెద్దది, ఎందుకు? రెంటినీ 28 భాగాలు చేస్తే ఒకటి 21, రెండోది 20. జవాబు ఒక్కటే చెప్పి ఊరుకుంటే చాలదు, ఆ ‘ఎందుకు’ చెప్పగలగాలి. తరువాత రుణ సంఖ్యలు, నిష్పత్తి అడుగు. ఎక్కడ తడబడితే అక్కడికి వెనక్కి వెళ్లే ఓపిక ఉన్న మాష్టారు కావాలి. మొదటి వారమే పదో తరగతి గైడు తెరిచే మాష్టారు వద్దు. మూడు నెలలయ్యాక పిల్లవాడు ఆయన లేకుండా ఒక లెక్క మొదలుపెట్టగలుగుతున్నాడా చూడు. లేకపోతే ఆ ఫీజు చేతికర్రకి అద్దె కట్టినట్టే.

మన సంఘానికి యాభై ఏళ్లు నిండాయి. సభ్యుల్లో రిటైరైన లెక్కల మాష్టార్లున్నారు, ఇంజనీర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు. స్వర్ణోత్సవ నిధితో కట్టే ఆర్చి బాగానే ఉంటుంది. దానితోపాటు వారానికి రెండు సాయంత్రాలు మన బడి వరండాలోనే ఆరు, ఏడు తరగతుల వారికి భిన్నాలు చెబుదాం. ఫీజు ఉండకూడదు. ఆడపిల్లలు వెలుగుండగానే ఇల్లు చేరేలా ఆరింటికల్లా వదిలిపెట్టాలి. తొమ్మిదో తరగతి పిల్లలు ఆరో తరగతి వారికి చెప్పాలి, మనం పక్కన కూర్చోవాలి. బళ్లారి కలెక్టరు మెచ్చిన పద్ధతి కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. అది మన అరుగుల మీద పుట్టిందే. మంగళ, శుక్రవారాలకు నా పేరు రాసుకోండి.