మాధ్యమం నుంచి పాఠ్యాంశానికి: ప్యూర్టోరికోలో స్పానిష్ భాషీయుల ఆంగ్ల విద్య (1898–1957)

ఉపోద్ఘాతం

ఒక భాషను బోధించడం, ఒక భాషలో బోధించడం వేర్వేరు పనులు. మొదటిదానిలో భాష పాఠ్యాంశం. రెండవదానిలో అది మాధ్యమం. ఈ రెంటినీ ఒకటిగా భావించినప్పుడు పాఠశాలలో ఏమి జరుగుతుందో తెలుసుకోవడానికి ప్యూర్టోరికో విద్యాచరిత్ర విలువైన ఆధారం. కరీబియన్ ప్రాంతంలోని ఈ ద్వీపం దాదాపు నాలుగు శతాబ్దాలు స్పెయిన్ పాలనలో ఉండి, 1898లో అమెరికా సంయుక్త రాష్ట్రాల అధీనంలోకి వచ్చింది. అప్పటినుంచి అర్ధశతాబ్దం పాటు అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో స్పానిష్, ఆంగ్లాల స్థానాలు పలుమార్లు తారుమారయ్యాయి. ఆ కాలం చివరి దశాబ్దంలోనే స్పానిష్ భాషీయులకు ఆంగ్లం నేర్పే పద్ధతిని కొందరు భాషాశాస్త్రవేత్తలు కొత్తగా రూపొందించారు. ఈ రెండు పరిణామాలనూ కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అభ్యాసకుని మాతృభాషను అడ్డంకిగా చూసిన దృష్టి క్రమంగా దానిని పాఠానికి పునాదిగా గుర్తించే దృష్టిగా మారిందనీ, ఆ మార్పు తరువాతనే ఆంగ్లం అక్కడ బోధించదగిన పాఠ్యాంశంగా స్థిరపడిందనీ ఇందులో ప్రతిపాదించడం జరుగుతున్నది.

పాలన మార్పు – భాషావిధానం

1898 జూలై 25న అమెరికా సైన్యం గ్వానికా తీరంలో దిగింది. ఆ ఏడాది డిసెంబరులో కుదిరిన పారిస్ ఒప్పందంతో ద్వీపం చేతులు మారింది. 1899 జనగణన ప్రకారం అక్కడి జనాభా సుమారు 9.5 లక్షలు. వారిలో అత్యధికులు నిరక్షరాస్యులు. వ్యవహారభాష దాదాపు అందరికీ స్పానిషే. విద్యావ్యవహారాలు చూసేందుకు వచ్చిన విక్టర్ క్లార్క్ దృష్టిలో ప్యూర్టోరికన్లు మాట్లాడేది సిసలైన స్పానిష్ కాదు, కేవలం ఒక అపభ్రంశ మాండలికం. సాహిత్యసంపద లేని ఆ పలుకుబడిని తొలగించి దాని స్థానంలో ఆంగ్లాన్ని ప్రతిష్ఠించడం కష్టం కాదని ఆయన భావించాడు. తరువాతి విధానాల వెనుక ఉన్న తాత్త్విక భూమిక ఇందులో కనిపిస్తుంది. జనవ్యవహారంలోని భాషను హీనమని నిర్ణయిస్తే, దానిని పక్కకు నెట్టడం నష్టంగా కాక సంస్కరణగా కనిపిస్తుంది.

1900లో వచ్చిన ఫోరేకర్ చట్టం ద్వీపానికి ఒక విద్యాకమిషనర్ పదవిని ఏర్పరిచింది. ఆ నియామకం అమెరికా అధ్యక్షుని చేతిలో ఉండేది. తమ పిల్లల చదువు ఏ భాషలో సాగాలో నిర్ణయించే అధికారి ఆ ప్రజలకు జవాబుదారీ కాకపోవడం ఈ ఏర్పాటులోని మౌలికలోపం. ఆ చట్టం ద్వీపం పేరును సైతం ఆంగ్లోచ్చారణకు అనువుగా ‘పోర్టోరికో’ అని మార్చి రాసింది. అసలు రూపం 1932లో గాని తిరిగి రాలేదు.

తొలి కమిషనర్ మార్టిన్ బ్రంబా ప్రాథమిక స్థాయిలో స్పానిష్‌ను, ఉన్నత పాఠశాలలో ఆంగ్లాన్ని మాధ్యమంగా ఉంచాడు. 1904లో కమిషనరైన రోలండ్ ఫాక్నర్ అన్ని తరగతుల్లోనూ ఆంగ్లమే మాధ్యమం కావాలనే విధానాన్ని అమలులోకి తెచ్చాడు. ఉపాధ్యాయులు తమ ఆంగ్ల పరిజ్ఞానాన్ని పరీక్షల ద్వారా నిరూపించుకోవలసి వచ్చింది. 1904 వేసవిలో వందలాది ప్యూర్టోరికన్ ఉపాధ్యాయులను హార్వర్డ్, కార్నెల్ విశ్వవిద్యాలయాలకు వేసవి శిక్షణకు పంపారు. అయినా కొద్ది వారాల శిక్షణతో ఒక భాషలో గణితం, భూగోళం బోధించే సామర్థ్యం అలవడదు. తానే తడబడుతున్న భాషలో ఉపాధ్యాయుడు పాఠం చెప్పాలి. ఇంటా బయటా వినని భాషలో విద్యార్థి దానిని అందుకోవాలి. వారిద్దరికీ తెలిసిన భాష మాత్రం తరగతి గది వెలుపల ఉండిపోయింది.

నిరసన – పరిశీలన

ఈ విధానంపై మొదటి వ్యవస్థీకృత ప్రతిఘటన ఉపాధ్యాయుల నుంచే వచ్చింది. 1911లో ఏర్పడిన ప్యూర్టోరికో ఉపాధ్యాయ సంఘం మాతృభాషా మాధ్యమాన్ని కోరింది. కవి, రాజకీయ నాయకుడు హోసే దె దియేగో 1915లో స్పానిష్‌ను బోధనామాధ్యమం చేయాలనే బిల్లును ప్రతినిధుల సభలో ప్రవేశపెట్టాడు. ఆ బిల్లుకు మద్దతుగా సంతకాలు సేకరించిన ఒక విద్యార్థిని శాన్‌హువాన్‌లోని సెంట్రల్ ఉన్నత పాఠశాల నుంచి బహిష్కరించగా అక్కడి విద్యార్థులు సమ్మె చేశారు. బిల్లు చట్టం కాలేదు. అయితే మాధ్యమం ప్రశ్న అప్పటినుంచి విద్యాశాఖ ఆంతరంగిక వ్యవహారంగా మిగలక, ప్రజాజీవితంలోని ప్రధానచర్చగా మారింది.

నిరసన స్వరానికి పరిశీలన బలం కూడా తోడయింది. విద్యాశాఖలో పనిచేస్తున్న హోసే పదీన్ ఎనిమిదో తరగతి పూర్తిచేసిన విద్యార్థుల ఆంగ్ల పరిజ్ఞానాన్ని పరీక్షించి, 1916లో ఒక నివేదిక ప్రకటించాడు. ఆశించిన ఫలితాలు రాలేదని ఆ పరిశీలన వెల్లడించింది. అదే కాలంలో కమిషనర్ పాల్ మిల్లర్ ఒక మధ్యేమార్గాన్ని అమలుచేశాడు. దాని ప్రకారం మొదటి నాలుగు తరగతులకు స్పానిష్, అయిదో తరగతిలో సగం సగం, ఆరు నుంచి ఆంగ్లం మాధ్యమాలు. 1921లో ఈ పదవిని చేపట్టిన తొలి ప్యూర్టోరికన్ హువాన్ ఊయికే కూడా ఇదే క్రమాన్ని కొనసాగించాడు.

1925లో కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీ నిపుణుల బృందం ద్వీపంలోని విద్యావ్యవస్థను సమగ్రంగా సర్వే చేసింది. అత్యధిక సంఖ్యాకులైన పిల్లలు కింది తరగతుల్లోనే బడి మానేస్తున్న వాస్తవాన్ని గుర్తించి, ఆంగ్ల పాఠాలను నాలుగో తరగతి దాకా వాయిదా వేయాలని సిఫారసు చేసింది. మూడో తరగతితో చదువు ముగించే బాలునికి ఆంగ్లంలో గడిపిన ప్రతి గంటా మాతృభాషలో చదవను రాయను నేర్చుకోవలసిన గంటలోంచి తగ్గించినదే. వ్యవసాయకూలీల ఇళ్లలో పుట్టిన ఈ పిల్లలు ఆంగ్లం వంటపట్టకముందే, స్పానిష్ అక్షరం స్థిరపడకముందే బడి విడిచిపెట్టేవారు. మాధ్యమ వివాదంలో అసలైన మూల్యం చెల్లించినది ఈ వర్గమే.

పదీన్ నుంచి విలారోంగా వరకు

1930లో కమిషనరైన పదీన్ 1934లో ఎనిమిదో తరగతి దాకా స్పానిష్‌ను మాధ్యమం చేసి, ఆంగ్లాన్ని ప్రత్యేక పాఠ్యాంశంగా నిలిపాడు. ఆంగ్లానికి కేటాయించే సమయాన్ని ఆయన తగ్గించకపోగా పెంచాడన్నది ఇక్కడ గమనార్హం. స్పానిష్ మాధ్యమాన్ని కోరినవారు ఆంగ్లాన్ని ద్వేషించారనే అభియోగానికి ఈ ఏర్పాటే సమాధానం. అయితే వాషింగ్టన్ దృష్టి వేరు. 1937 ఏప్రిల్‌లో హోసే గయార్దోను ఈ పదవిలో నియమిస్తూ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రాసిన లేఖలో, ద్వీపంలోని రాబోయే తరానికి ఆంగ్లంలో సంపూర్ణ ప్రావీణ్యం అనివార్యమని పేర్కొన్నాడు. 1917 నాటి జోన్స్ చట్టంతో ప్యూర్టోరికన్లు అమెరికా పౌరులయ్యారు. పౌరసత్వానికి ఆంగ్లమే ద్వారమన్నది ఆ లేఖలోని తర్కం. గయార్దో తరగతి పెరిగేకొద్దీ ఆంగ్ల భాగం పెరిగే మిశ్రమ విధానాన్ని ప్రయత్నించి, 1940ల తొలినాళ్లలో ప్రాథమిక తరగతులకు తిరిగి స్పానిష్‌నే ఆశ్రయించవలసి వచ్చింది.

1946లో ద్వీప శాసనసభ స్పానిష్ మాధ్యమ బిల్లును ఆమోదించగా అధ్యక్షుడు ట్రూమన్ దానిని తిరస్కరించాడు. స్పానిష్ మాధ్యమాన్ని సమర్థించిన మరియానో విలారోంగా కమిషనర్ నియామకాన్ని అమెరికా సెనేట్ ధ్రువీకరించలేదు. 1947లో గవర్నర్‌ను ఎన్నుకునే హక్కు ప్రజలకు లభించడంతో పరిస్థితి మారింది. 1948 ఎన్నికల్లో గెలిచిన లూయిస్ మునోజ్ మరీన్ విలారోంగాను మళ్లీ నియమించాడు. 1949లో విలారోంగా ఉన్నత పాఠశాలతో సహా అన్ని స్థాయిల్లో స్పానిష్‌ను మాధ్యమం చేసి, ఆంగ్లాన్ని అన్ని తరగతుల్లో ప్రాధాన్యం గల పాఠ్యాంశంగా ఉంచాడు. జవాబుదారీతనం ప్రజల చేతికి వచ్చిన ఏడాదిలోనే అర్ధశతాబ్దపు చర్చకు తెరపడింది.

భాషాశాస్త్రం మార్గం

మాధ్యమ సమస్య తీరినంత మాత్రాన బోధనా సమస్య తీరదు. పాఠ్యాంశంగా మారిన ఆంగ్లాన్ని ఎలా నేర్పాలన్న ప్రశ్న అప్పుడే స్పష్టంగా ముందుకొచ్చింది. దీనికి సమాధానం మిషిగన్ విశ్వవిద్యాలయంలో రూపొందుతూ ఉంది. 1941లో అక్కడ చార్లెస్ ఫ్రీజ్ నెలకొల్పిన ఆంగ్లభాషా సంస్థలో తొలి విద్యార్థులు లాటిన్ అమెరికా నుంచి వచ్చినవారే. విదేశీ భాషగా ఆంగ్లం బోధన, అభ్యసనాలపై ఫ్రీజ్ 1945లో ప్రకటించిన గ్రంథంలోని కీలక ప్రతిపాదన ఇది: నేర్వవలసిన భాష వర్ణననూ, అభ్యాసకుని మాతృభాష వర్ణననూ పక్కపక్కన పెట్టి పోల్చిన తరువాతనే పాఠాలు రాయాలి. దీని ప్రకారం స్పానిష్ భాషీయునికీ చైనీయునికీ ఒకే ఆంగ్ల వాచకం సరిపోదు. ఫ్రీజ్ అనుయాయి రాబర్ట్ లాడో ఈ ఆలోచనను 1957లో వెలువరించిన గ్రంథంలో ఒక క్రమపద్ధతిగా అభివృద్ధి చేశాడు. ఫ్లోరిడాలో స్పానిష్ వలస కుటుంబంలో పుట్టి, బాల్యం స్పెయిన్‌లో గడిపి, యౌవనంలో అమెరికాకు తిరిగివచ్చిన లాడోకు ఈ రెండు భాషల మధ్య దూరం స్వానుభవమే.

ఈ పోలిక ఎలా పనిచేస్తుందో తెలుగు ధ్వనులతో పోల్చినప్పుడు సుబోధమవుతుంది. స్పానిష్‌లో అచ్చులు అయిదే; హ్రస్వదీర్ఘ భేదం అర్థభేదకం కాదు. అందువల్ల ‘షిప్’, ‘షీప్’ అనే ఆంగ్ల పదాలు స్పానిష్ చెవికి ఒకటిగానే వినిపిస్తాయి. హ్రస్వదీర్ఘాలను సహజంగా గుర్తించే తెలుగువారికి ఈ ఇబ్బంది అంతగా లేదు. స్పానిష్‌లో ‘బ’, ‘వ’ అక్షరాలు రాతలో వేరైనా వర్ణం ఒకటే. ఆంగ్లంలో ‘డెన్’, ‘దెన్’ పదాలను వేరుచేసే రెండు ధ్వనులు స్పానిష్‌లో ఒకే వర్ణానికి సవర్ణాలు. ధ్వనులు రెండూ స్పానిష్ నోటికి తెలిసినవే. వాటి మధ్య భేదాన్ని పట్టించుకోవడమే కొత్తగా నేర్వవలసినది.

సకారంతో మొదలయ్యే సంయుక్తాక్షరం స్పానిష్‌లో పదాదిన రాదు. బడిని ‘ఎస్కువేలా’ అనే స్పానిష్ బాలుడు ఆంగ్లంలో ‘ఎస్కూల్’ అంటాడు. ‘ఇస్కూలు’, ‘ఇస్టేషను’ అనే తెలుగు వాడుకను గుర్తుచేసుకుంటే ఇది అజ్ఞానం కాదనీ, మాతృభాషానియమం పనిచేయడమేననీ తెలుస్తుంది. వాక్యస్థాయిలోనూ ఇదే పరిస్థితి. స్పానిష్ క్రియ పురుష వచనాలను తనలోనే సూచిస్తుంది కాబట్టి కర్తృపదాన్ని లోపింపజేయవచ్చు. ‘వెళ్తున్నాను’ అన్నప్పుడు తెలుగులోనూ ‘నేను’ అక్కరలేదు. ఆంగ్లంలో కర్త తప్పనిసరి కావడం స్పానిష్ భాషీయునికి అదనపు భారం.

పదజాలంలో మాత్రం స్పానిష్ భాషీయునికి పెద్ద సౌలభ్యం ఉంది. లాటిన్ మూలం నుంచి రెండు భాషలకూ చేరిన వేలాది పదాలు అతనికి ముందే పరిచయం. ఆ సౌలభ్యంలోనే ఒక ప్రమాదమూ ఉంది. స్పానిష్‌లో ‘ఎంబరసాద’ అంటే గర్భవతి; దానిని పోలిన ఆంగ్లపదానికి సిగ్గుపడిన, ఇబ్బందిపడిన అని అర్థం. తెలుగులో ప్రసంగాన్ని తెలిపే ‘ఉపన్యాసం’ హిందీలో నవల కావడం ఇటువంటిదే.

ఫ్రీజ్, ప్యూర్టోరికో విద్యాశాఖలో ఆంగ్ల విభాగాన్ని నడిపిన పౌలీన్ రోహాస్‌తో కలిసి అక్కడి బడుల కోసం ఒక వాచకమాలను రూపొందించాడు. 1952 నుంచి వెలువడిన ఈ పుస్తకాలు ఆంగ్లాన్ని ద్వితీయ భాషగా స్పష్టంగా గుర్తించి, స్పానిష్ భాషీయుల అవసరాలను దృష్టిలో ఉంచుకొని రాసినవి. తరువాత రోహాస్ మయామీకి వెళ్లి, క్యూబా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలకోసం 1963లో కోరల్ వే ప్రాథమిక పాఠశాలలో ఆరంభమైన ద్విభాషా కార్యక్రమంలో ముఖ్యపాత్ర వహించింది. అక్కడ రోజులో సగం చదువు స్పానిష్‌లో, సగం ఆంగ్లంలో సాగింది.

పరిమితులు

ఈ పద్ధతిని దోషరహితంగా భావించనవసరం లేదు. ఫ్రీజ్, లాడోల దృష్టిలో మాతృభాష పునాది అయినా, అది ప్రధానంగా పొరపాట్లకు మూలమైన పాత అలవాటు. 1967లో పిట్ కార్డర్ అభ్యాసకుల పొరపాట్లు వారి అంతర్గత అభ్యసన క్రమానికి సాక్ష్యాలని వాదించాడు. 1970లలో డులే, బర్ట్ స్పానిష్ భాషీయులైన పిల్లల ఆంగ్లాన్ని పరిశీలించి, వారి పొరపాట్లలో అనేకం ఆంగ్లాన్ని మాతృభాషగా నేర్చే పిల్లల పొరపాట్లను పోలి ఉన్నాయని చూపారు. పోలిక ద్వారా కష్టాన్ని ఊహించడం సాధ్యమే గాని, ప్రతి పొరపాటుకూ మాతృభాషనే కారణంగా చూపడం సాధ్యం కాదని దీనివల్ల తేలింది. భాషాస్థానం గురించిన రాజకీయ చర్చ కూడా 1949తో ముగియలేదు. 1991లో స్పానిష్‌ను ఏకైక అధికారభాషగా ప్రకటించిన చట్టం 1993లో రద్దయి, రెండు భాషలకూ మళ్లీ సమాన హోదా లభించింది.

ముగింపు

ప్యూర్టోరికో చరిత్రలో స్పానిష్ మొదట తొలగించవలసిన అడ్డంకి, తరువాత సహించవలసిన తాత్కాలిక సాధనం, చివరకు జ్ఞానమాధ్యమం, ఆంగ్ల పాఠరచనకు ఆధారం. మొదటి దృష్టి నుంచి చివరిదానికి చేరడానికి యాభై ఏళ్లు పట్టింది. ఒక నిర్ణయం ఎన్నికల ద్వారా, ఇంకొకటి భాషాశాస్త్రం ద్వారా వచ్చినా రెండూ అభ్యాసకునికి ముందే ఒక భాష ఉందన్న ప్రాథమిక సత్యాన్ని అంగీకరించాయి.

2019లో ప్రభుత్వ పాఠశాలలను ఆంగ్ల మాధ్యమంలోకి మార్చాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వులివ్వడం, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేయడం తెలుగునాట ఈ ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చాయి. రెండు సందర్భాలూ ఒకటి కావు. అక్కడ ఆంగ్లం బయటి పాలన విధించినది. ఇక్కడ బతుకుతెరువు కోసం తల్లిదండ్రులే కోరుతున్నది. ఆ కోరికను తక్కువ చేయడం న్యాయం కాదు. అయితే వారు కోరుతున్నది పిల్లలకు ఆంగ్లం రావడం. మాధ్యమం మార్చినంత మాత్రాన ఆ కోరిక నెరవేరుతుందా అన్న ప్రశ్నకు ప్యూర్టోరికో అర్ధశతాబ్దపు అనుభవం ప్రతికూల సమాధానమే ఇస్తున్నది. తెలుగు ధ్వనులు, వాక్యనిర్మాణం, పదార్థాలు ఆధారంగా తెలుగు పిల్లలకు ఆంగ్ల పాఠాలను రూపొందించడం ఆంగ్లశాఖలకు ఎంత అవసరమో, తెలుగుశాఖల పరిశోధనకూ అంతే సన్నిహితమైన కర్తవ్యం.