వంటిల్లు లేని ఊరి వంట

నేపుల్స్ వెళ్లినవారికి గుళ్లూ మేడలూ కాదు, ముందు తిండే ఎదురొస్తుంది. త్రిబునాలి వీధిలో పిజ్జా దుకాణాల ముందు గుంపులు, పిన్యసెక్కా సంతలో నూనె కాగే మూకుళ్లు, కాగితం పొట్లాల్లో వేయించిన చిన్న చేపలు, పిజ్జాను రుమాలులా నాలుగు మడతలు పెట్టి నిలబడే తినేసి పనికి పోయే మనుషులు. ఇదంతా చూసి గైడు పుస్తకాలు ఒకే పాట పాడతాయి. ఎండ కాసే ఊరు, సముద్రపు గాలి, సరదా మనుషులు, వీధే వాళ్లకు ఇల్లు అని. వినడానికి బాగుంటుంది. ఊరి చరిత్ర చెప్పే కథ మాత్రం వేరు. నేపుల్స్ బీదజనం వీధిలో తిన్నది ఇంట్లో వండుకునే వీలు లేక. ఆ ఊరి పేరు చెప్పుకుని ఈరోజు లోకమంతా తింటున్న పిజ్జా, అంతకుముందు దాని స్థానంలో ఉన్న మాకరోనీ, రెండూ వంటిల్లు లేని గదుల అవసరం తీర్చడానికి పెరిగినవే.

ఇళ్ల సంగతితో మొదలుపెట్టాలి. 1503 నుంచి రెండు వందల ఏళ్ల పైచిలుకు నేపుల్స్‌ను స్పెయిన్ రాజప్రతినిధులు ఏలారు. పల్లెల్లో పన్నుల బరువు, రాజధానిలో ఉన్నవారికి మినహాయింపులు. పైగా రొట్టె ధర మండిపోకుండా నగరమే గోధుమలు నిల్వ పెట్టేది. దాంతో దక్షిణ ఇటలీ పల్లెల జనం మూటాముల్లె సర్దుకుని ఇక్కడికి చేరారు. 16వ శతాబ్దం ముగిసేసరికి పారిస్‌తో పోటీపడే ఊరు ఇది. ఇంత జనం వస్తుంటే, కోటగోడ బయట కొత్త ఇళ్లు కట్టరాదని సర్కారే ఆంక్షలు పెట్టింది. పక్కకు జరిగే దారి లేక ఊరు పైకి పెరిగింది: ఐదంతస్తులు, ఆరంతస్తులు, వాటి మధ్య ఎండ పొడ సోకని సందులు. రాజప్రతినిధి పెద్రో దె తొలేదో (1532-1553) సైనికుల బస కోసం వేయించిన స్పానిష్ క్వార్టర్స్‌లో ఆ సందులు ఇప్పటికీ చూడవచ్చు. పై అంతస్తుల వాళ్లు తాడు కట్టిన బుట్టను కిందికి వదిలి సరుకు పైకి లాక్కునేవారు. నేలమీద, వీధిలోకి నేరుగా తెరుచుకునే ఒంటిగదుల్లో బీదలు ఉండేవారు. ఆ గదిని బాస్సో అంటారు. చాలా వాటికి తలుపే కిటికీ. మంచం, దేవుడి పటం, పిల్లలు, ఒక్కోచోట కోళ్లు కూడా అందులోనే. పొగ పోయే దారి లేని ఆ గదిలో పెట్టగలిగేది బొగ్గుల కుంపటి ఒక్కటే. బొగ్గులు ఏ రోజుకారోజు కొనాలి, నీళ్లు బావిలోంచి తోడాలి. ఆ బొగ్గుల ఖర్చుకు తోడు నీళ్ల చాకిరీ కూడా లెక్కేస్తే, వంద మందికి ఒకే మంట మీద వండేవాడి దగ్గర కొనుక్కోవడమే కలిసొచ్చేది.

ఆ కొనుగోలు ఎంత ప్రాణావసరమో 1647 జులైలో స్పెయిన్ ప్రభుత్వానికి తెలిసొచ్చింది. ఆ ఏడాది పండ్ల మీద పన్ను వేశారు. పండంటే ఏముంది, వండక్కర్లేని తిండి. వేసవిలో బీదవాడి పూట గడిచేది దానితోనే. మెర్కాతో కూడలిలో పండ్లవాళ్ల జగడంగా మొదలైనది మజానియెల్లో అనే చేపలవాడి నాయకత్వంలో తిరుగుబాటైంది. కొంతమంది చరిత్రకారులు దీన్ని రాజకీయంగానే చదువుతారు. అది తప్పని అనను. కానీ అన్ని పన్నుల్లో పండ్ల పన్నే నిప్పురవ్వ కావడం కేవలం యాదృచ్ఛికమని నేననుకోను.

మాకరోనీ కథ కూడా ఆ 17వ శతాబ్దంలోనే మలుపు తిరిగింది. అంతకుముందు ఇరుగుపొరుగు ఊళ్లవాళ్లు నేపుల్స్ వాసుల్ని ఎగతాళిగా ఆకులు తినేవాళ్లని పిలిచేవారు. కాబేజీ లాంటి ఆకుకూరలు, కాస్త మాంసం కలిపి ఉడకబెట్టిన పులుసే వాళ్ల రోజువారీ భోజనం. ఆకులు తినేవాళ్లు మాకరోనీ తినేవాళ్లుగా ఎలా మారారో చరిత్రకారుడు ఎమీలియో సెరేనీ 1958లో ఒక వ్యాసంలో వివరించాడు. జనాభా పెరిగి మాంసం అందకుండా పోయింది. సరిగ్గా అప్పుడే పిండి పిసికే యంత్రం, కంచు అచ్చుల్లోంచి పిండిని నొక్కే మర వాడుకలోకి వచ్చి మాకరోనీ చవకైంది. మన జంతికల గొట్టాన్ని మనిషెత్తు చేసి ఊహించుకుంటే ఆ మర పోలిక దొరుకుతుంది. సెరేనీ మాటకు నేను ఒక్కటి కలుపుతాను. మాకరోనీ ఉడకాలంటే బోలెడు నీళ్లు తెర్లాలి. కుంపటి మీద అది తేలే పని కాదు. అందుకే వీధి మూలల్లో పెద్ద కాగులు వెలిశాయి. ఉడికిన దాన్ని తీసి, పైన చీజ్ తురుము చల్లి ఇస్తే, జనం తల పైకెత్తి వేళ్లతో నోట్లో వేసుకునేవారు. టమాటా రసం చేరింది చాలా కాలం తరువాత, 19వ శతాబ్దంలో. (టమాటా, మిరప రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. మిరప లేని ఆంధ్రాన్ని ఊహించలేనట్టే టమాటా లేని నేపుల్స్‌నూ ఊహించలేం. కానీ రెండు చోట్లా అవి కొత్త చుట్టాలే.)

ఇక పిజ్జా. ఇక్కడ అసలు గొప్పదనం రొట్టెది కాదు, బట్టీది. ఇటుకల గుమ్మటం కింద కట్టెలు ఒకసారి ఎర్రగా కాలితే, ఆ వేడికి పిజ్జా నిమిషం, నిమిషంన్నరలో కాలిపోతుంది. పొద్దున్నుంచి రాత్రిదాకా వందల మందికి ఒకే మంట. ఇంతకంటే పొదుపైన ఉమ్మడి వంటిల్లు మరోటి లేదు. ఫ్రెంచి రచయిత అలెగ్జాండర్ డ్యూమా 1843లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో నేపుల్స్ కూలివాడు చలికాలంలో పిజ్జా, వేసవిలో పుచ్చకాయ తిని బతుకుతాడని రాశాడు. అంతటితో ఆగకుండా, పిజ్జా ధర చూస్తే బజారు పరిస్థితి తెలిసిపోతుందన్నాడు. చేపల పిజ్జా చవకైతే ఆరోజు వల నిండిందని, నూనె పిజ్జా ప్రియమైతే ఆలివ్ పంట దెబ్బతిన్నదని అర్థమట. మంచి చూపు. కానీ ఒకచోట ఆయన దెబ్బతిన్నాడు. అక్కడివాళ్లు 'ఎనిమిదికి' పిజ్జా అనేదాన్ని ఆయన ఎనిమిది రోజుల కిందట కాల్చిన పాచి పిజ్జా అనుకున్నాడు. అసలర్థం అరువు పిజ్జా, ఈరోజు తిని ఎనిమిదో రోజున డబ్బివ్వడం. కిరాణా కొట్లో ఖాతా పెట్టి సరుకు తెచ్చుకున్న మనవాళ్లెవరైనా ఈ మాట ఇట్టే పట్టుకునేవారు. చేతిలో వారం డబ్బులు ఒక్కసారి ఉండని మనిషికి వంటసరుకు నిల్వ ఉండదు, ఏ పూటకాపూట కొనాల్సిందే. అరువు పిజ్జా ఆ బతుక్కి అమరినట్టు మరేదీ అమరలేదు.

నా ఈ వాదనకు మొదటి ఆక్షేపణ పాతదే. వాళ్లు సోమరులు, వండుకునే ఓపిక లేక బజారు తిండికి అలవాటుపడ్డారని ఉత్తరాది యాత్రికులు చాలామంది రాశారు. నేపుల్స్‌లో ముప్పై నలభై వేల మంది పని లేకుండా తిరుగుతుంటారన్నది 18వ శతాబ్దపు గైడు పుస్తకాల మాట. దీన్ని పరీక్షించింది జర్మన్ కవి గెటె. 1787 మే నెలలో ఆయన పొద్దుటి నుంచి వీధుల్లో ఊరకే నిలబడ్డట్టు కనిపించేవాళ్లందరినీ గమనించాడు. ఒకడు బరువు కోసం ఎదురుచూసే హమాలీ, ఇంకొకడు బాడుగ బండివాడు, మరొకడు గాలి తిరిగేదాకా ఆగిన జాలరి. నిజంగా పని లేనివాళ్లు ముసలివాళ్లు, పసివాళ్లు, రోగులే. మాకరోనీ అన్నిచోట్లా కారుచవకగా దొరుకుతుందనీ ఆయనే రాశాడు. రోజంతా బరువులు మోసేవాళ్లకు బజారులో తిండి దొరకడం సోమరితనానికి ఆనవాలెలా అవుతుంది?

రెండో ఆక్షేపణ రాణిగారిది. 1889లో రఫాయేలె ఎస్పొజితో అనే పిజ్జా వంటవాడు మార్గెరీతా రాణి కోసం టమాటా, మొజరెల్లా, తులసి జాతి ఆకు వేసి పిజ్జా చేశాడనీ, దానికి ఆమె పేరు పెట్టాడనీ, పిజ్జాకు గౌరవం అలా వచ్చిందనీ అంటారు. దీనికి సాక్ష్యంగా, రాచకొలువు నుంచి వచ్చినట్టు చూపే ఉత్తరం అసలైనదేనా అని ఈ మధ్య పరిశోధకులు శంకించారు. ఆ తగవు అలా ఉంచుదాం. 1858లో వచ్చిన నేపుల్స్ ఆచారాల పుస్తకంలోనే మొజరెల్లా, ఆ ఆకూ వేసిన పిజ్జా వర్ణన ఉంది. రాణి రుచి చూసినా చూడకపోయినా, ఆమె వచ్చేనాటికే ఆ వంట వీధిలో తయారైపోయింది.

గట్టి ఆక్షేపణ మూడోది. బీదరికం, ఇరుకు గదులు లండన్‌లోనూ ఉన్నాయి, పారిస్‌లోనూ ఉన్నాయి, మరి పిజ్జా అక్కడెందుకు పుట్టలేదు? అక్కడా వీధి తిండి పుట్టింది. లండన్ కూలీలు 19వ శతాబ్దంలో వేయించిన చేపలు, వేడి వేడి ఈల్ చేపలు వీధిలోనే తిన్నారు. ఊరును బట్టి వంటకం మారింది, కారణం మారలేదు. ఈ మాటకు మరో వైపు నుంచి రుజువు విలేకరి, నవలాకారిణి మతిల్దె సెరావో 1884లో రాసిన 'నేపుల్స్ కడుపు'లో దొరుకుతుంది. ఒక నేపుల్స్ వ్యాపారి రోమ్‌లో తమ ఊరివాళ్లు చాలామంది ఉన్నారు కదా అని అక్కడ పిజ్జా దుకాణం తెరిచాడట. మొదట జనం విరగబడ్డారు, తరువాత పలచబడ్డారు, దుకాణం మూతపడింది. తమ ఊరి వీధీ గుంపూ లేనిచోట అది వింత సరుకుగానే మిగిలిందని ఆమె గ్రహించింది. అదే ఏడు నేపుల్స్‌లో కలరా దాదాపు 7 వేల మందిని బలిగొంది. ఊరి కడుపు చీల్చి శుభ్రం చేయాలని ప్రధాని దెప్రెతిస్ అన్నాడు. 1885లో చట్టం వచ్చి పాత సందుల మధ్యగా వెడల్పాటి రహదారి వేశారు, సెరీనో నుంచి మంచినీరు తెచ్చారు. రహదారి పక్కన కొత్త మేడలు లేచాయి, వెనక బాస్సోలు మిగిలాయి. అక్కడి తిండి అలవాటూ మిగిలింది.

ఇళ్లలోకి గ్యాస్ పొయ్యిలు వచ్చాక కూడా ఆ తిండి ఎందుకు నిలిచిందంటే, యుద్ధమే దాన్ని మళ్లీ మొదటికి తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత కట్టెలు కరువు, మొజరెల్లా కరువు. ఆడవాళ్లు తమ బాస్సోల ముందే మూకుడు పెట్టి పిండి వేయించి అమ్మారు, అదీ ఎనిమిది రోజుల అరువుకే. 1954లో వితోరియో దె సీకా తీసిన 'నేపుల్స్ బంగారం' సినిమాలో సోఫియా లోరెన్ అలాంటి పిజ్జాలమ్మే యువతిగా కనిపిస్తుంది. 2017లో యునెస్కో నేపుల్స్ పిజ్జా పనివాళ్ల నైపుణ్యాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. పనివాళ్ల నైపుణ్యాన్ని గుర్తించడం న్యాయమే.

ఇటీవలి ఏళ్లలో స్పానిష్ క్వార్టర్స్‌లోని ఎన్నో బాస్సోలు యాత్రికులకు రోజువారీ అద్దె గదులయ్యాయి. వంటగది సౌకర్యం ఉందని కొన్నింటి ప్రకటనల్లో ప్రత్యేకంగా రాసి ఉంటుంది.