హగరి యిసుకమేటలు



అనంతపుర మండలపు కఱవును గూర్చి విననివారు లేరు. ఇచ్చట ఇసుక పొలములను మ్రింగుచున్న సంగతి యెఱిగినవారు మాత్రము కొందఱే. కణేకల్లు, బొమ్మనహాళు ప్రాంతములలో, గోవిందవాడ, దర్గా హొన్నూరు పరిసరములందు, వేదవతీతీరమున ఈ యుపద్రవము చిరకాలముగ నున్నది. రాయదుర్గము తాలూకా బళ్ళారి మండలములో నుండి 1953లో మనతో చేఱినది. మేటలు అంతకంటెను పాతవి.

వేదవతి బాబాబుడన్ గిరులలో పుట్టి, చిత్రదుర్గసీమ దాటి, మన మండలము మీదుగా పోయి తుంగభద్రలో గలియును. ఇచ్చట దీనికి హగరి యని పేరు. అఘహరి శబ్దమే హగరి యైనదని చెప్పువారు కలరు. ముచ్చటైన వ్యుత్పత్తియే గాని, నేను దాని పక్షమున వాదింపను. ఏటిగర్భము విశాలము, నీరు స్వల్పము. మారికణివెయొద్ద వాణీవిలాస సాగరము 1907లోను, భైరవానితిప్ప జలాశయము 1961లోను పూర్తియైన పిదప దిగువకు వచ్చు వఱద మఱింత తగ్గినది. ఆ కట్టలు ఎందఱికో అన్నము పెట్టినవి, కాదనను. కాని తడిలేని యిసుకకు గాలియే యజమాని.

జ్యేష్ఠము మొదలు శ్రావణము వఱకు పడమటిగాలి వానను తేకపోయినను ఇసుకను తెచ్చును. రేణువులు ఆకాశమున కెగురవు. మోకాలి యెత్తునకు లోపలనే గంతులిడుచు, ఒకటి పడి మఱియొకదానిని లేపుచు సాగును. అడ్డు తగిలినచోట గాలివేగము తగ్గి మేట వేయును. మేట గాలివైపున ఏటవాలుగను, ఆవలివైపున నిట్రముగను ఉండి, రేణువులు శిఖరము దాటి జాఱిన కొలది ముందునకు జరుగును.

మా మాతామహులకు ఆ తీరమున నాలుగెకరముల జొన్నచేను ఉండెడిది. నా బాల్యమున వారు అప్పుచేసి పడమటిగట్టున ఱాతిగోడ కట్టించిరి. గోడ రెండేండ్లు ఆపినది. పిదప ఇసుక దాని తలకెక్కి, మెట్లుగ వాడుకొని చేనిలోనికి దిగినది. ప్రక్క పొలము రైతు చదువురానివాడు. ముళ్ళకంపతో సందులు విడిచి మూడు వరుసల దడి కట్టెను. సగము గాలిని పోనిచ్చు దడి ఇసుకను దూరముగనే దింపివేయునని నేను పుస్తకములలో చదువుటకు ముప్పది యేండ్లు పట్టినది.

దడి యొక్కటియే చాలదు. అది పూడకమునుపే తొలకరి తడిలో రెల్లు, ఈత, సరుగుడు నాటి వేళ్ళతో మేటను బంధింపవలయును. ఒడ్డున స్వయముగ మొలచిన రెల్లును కోసివేయుట యిల్లు తెఱచి దొంగను పిలుచుటయే. ఏటియొడ్డున భూములుగల మన పోషకులు గట్టువెంట పది బారల మేర దున్నక విడిచిన, ఎవరి యనుమతియు అక్కఱలేదు.

మా తాతగారి గోడ తల యొకచోట జానెడు ఇప్పటికిని కనబడును. ఆ రైతు దడియు లేదు. మూడవయేట కట్టెలు దొరకక పొయ్యిలోనికి పోయినది.