కర్ణరేఖ - కౌలురైతు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో "కర్ణం" అనగానే ముసలివాళ్లకు గుర్తొచ్చేది వూరి లెక్కలు రాసిన మనిషి. బడిపిల్లలకు గుర్తొచ్చేది మూలనుంచి మూలకు గీసిన గీత. మన పల్లెల చరిత్రలో యీ రెండూ వొకే కాగితం మీద కలిశాయి. ఆ కాగితం పొలం కొలతల పటం.

రేపల్లె దగ్గర వొక కౌలురైతు యింటి అరుగుమీద అలాంటి పటం నకలు చూశాను. "మాస్టారూ, పొలంలో లేని యీ ఏటవాలు గీత పటంలో ఎందుకుందండీ?" అని ఆయన అడిగాడు. అది చిన్న ప్రశ్న కాదు.

నులకమంచం కీళ్లు వదులైతే పట్టెల పొడుగు మారదు. మంచం మాత్రం వోరకు పోయి, పడుకునే చోటు తగ్గుతుంది. పొలమూ అంతే. నాలుగు గట్లు కొలిచినంతమాత్రాన విస్తీర్ణం తేలదు. ఎదురెదురు గట్ల సగటులను గుణించే మోటులెక్క ప్రాచీన ఈజిప్టులో ఎడ్ఫూ ఆలయ భూముల జాబితాలో కనిపిస్తుంది. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో స్థూలమైన లెక్కనూ, సూక్ష్మమైన లెక్కనూ విడదీసి చెప్పాడు. పావులూరి మల్లన ఆ గ్రంథాన్నే తెలుగు చేశాడు. మోటులెక్క వున్న విస్తీర్ణం కన్న ఎక్కువ చూపవచ్చు. తక్కువ మాత్రం ఎన్నడూ చూపదు. శిస్తు వసూలుచేసేవాడికి యింతకన్న అనుకూలమైన తప్పు ఏముంటుంది?

మద్రాసు సర్వే పద్ధతిలో పొలాన్ని కర్ణరేఖతో త్రిభుజాలుగా చీల్చి, ఆ గీతకు మూలలనుంచి లంబాలు కొలిచారు. గొలుసు 66 అడుగులు, 100 లింకులు. వెయ్యి చదరపు లింకులు వొక సెంటు. నాలుగు గట్లూ 500 లింకులున్న పొలాన్ని మోటులెక్క రెండున్నర ఎకరాలంటుంది. దాని కర్ణం 800 లింకులై, రెండు లంబాలూ మూడేసి వందలైతే, అసలు విస్తీర్ణం 2 ఎకరాల 40 సెంట్లే. పది సెంట్లు లేని భూమి!

కాబట్టి కర్ణరేఖ విజ్ఞానమే. కాని ఆ విజ్ఞానం ఎవరి చేతిలో పనిచేసింది? 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయింది. డెల్టాలో ప్రతి సెంటుకూ విలువ వచ్చింది. పటం శిస్తుకు పునాది అయింది. కాని పటం తనంతట శిస్తు వసూలు చెయ్యదు. 1921-22లో బాపట్ల తాలూకా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన పన్నుల నిరాకరణ సాగినప్పుడు గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చారు. గీతలు అలాగే వున్నాయి. వసూలుచేసే చెయ్యి కదలలేదు.

1984లో కరణీకం రద్దయింది. 2020 డిసెంబరులో డ్రోన్లతో రీసర్వే మొదలైంది. కొలత మరింత సూక్ష్మమైంది. అయినా పటంవెంట వుండే పేరు పట్టాదారుదే. 1956 కౌలుదారీ చట్టం వచ్చినా, 2019 సాగుదారుల హక్కుల చట్టం వచ్చినా, ఆ అరుగుమీది రైతుకు కాగితం లేదు. 2019 చట్టం కింద కార్డు కావాలంటే వొప్పందంమీద యజమాని సంతకం పడాలి. ఆ సంతకం ఆయనకు దొరకలేదు.

పొలంలో లేని గీత పటంలో వుంది. పొలంలో దినమూ నిలబడే మనిషి పటంలో లేడు. భూమిని కొలవడం మన ప్రాంతానికి బాగా తెలుసు. సేద్యాన్ని కొలవడం యింకా నేర్చుకోవలసే వుంది. ఆ లెక్క అడిగే బాధ్యత చదువుకున్న మనది కాదా?